మొదటాయన పెట్టిన స్పీడు

నిదానం ముందు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తరువాత స్క్రూడ్రైవర్లను పొడుగు వరసన పేర్చాడు. ఆ తరువాత కుర్చీని ముందుకీ వెనక్కీ రెండుసార్లు జరిపి, అది కిర్రుమనడం మానేసిన చోట కూర్చున్నాడు. కంప్యూటర్లు బాగుచేసే ఆ షాపులో ఇరవై రెండేళ్ళుగా అతని రోజు ఇలాగే మొదలవుతోంది. నెమ్మదిగా పనిచేస్తాడని మొదట్లో ఎవరో వెటకారంగా తగిలించిన పేరు నిదానం. ఇప్పుడు కస్టమర్లు "నిదానంగారున్నారా?" అని మర్యాదగానే అడుగుతారు. అసలు పేరు చెప్పమంటే షాపు యజమాని కూడా ఒక్క క్షణం తడుముకుంటాడు.

నలభై ఏడేళ్ళ పొట్టి మనిషి. భుజాలు బల్ల మీదికి వంగీ వంగీ అలాగే ఉండిపోయాయి. వేళ్ళు మాత్రం సన్నగా, పొడుగ్గా, ఎవరివో తెచ్చి అతికించినట్టుంటాయి. కుడి బొటనవేలి గోరు కింద ఎంత తోమినా పోని బూడిదరంగు గీత ఒకటి.

ఆ రోజు బల్ల మీద ఉన్నది కస్టమరు కంప్యూటరు కాదు. ఇంటిది. పన్నెండేళ్ళనాటి నల్ల డబ్బా. ముందువైపు మీట పక్కన చిన్న తెల్ల కాగితం అంటించి ఉంది. దాని మీద నీలం పెన్నుతో "4.2" అని రాసింది అతని భార్య మొదటి భర్త.

ఆయన ఒక బడిలో ల్యాబ్ అటెండరుగా పనిచేసేవాడు. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు విడి భాగాలు కొని తెచ్చి ఈ కంప్యూటరు బిగించాడు. కంపెనీవాళ్ళు ఆ ప్రాసెసర్‌కిచ్చిన వేగం త్రీ పాయింట్ ఫోర్. దాన్ని తను ఫోర్ పాయింట్ టూకి పెంచానని కూతురికి చెప్పి, ఆ కాగితం అంటించాడు. మూడేళ్ళకు పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు.

నిదానం ఆ ఇంట్లోకి వచ్చింది నాలుగేళ్ళ క్రితం, తన నలభై మూడో ఏట. అప్పటిదాకా పెళ్ళి కుదరలేదు, కుదిరాక వేరే ఇల్లు కుదరలేదు. చివరికి కుదిరిన ఇంట్లో ప్రతి మేకూ మొదటాయన ఎత్తుకు కొట్టి ఉంది. ఆయన ఆరడుగుల మనిషి. చొక్కా తగిలించాలంటే నిదానం మునివేళ్ళ మీద నిలబడాలి. అద్దంలో అతనికి కళ్ళ నుంచి పైకి మాత్రమే కనబడుతుంది. గడ్డం గీసుకునేటప్పుడు పీట వేసుకుంటాడు. మేకులు కిందికి మార్చుకోమని భార్య చాలాసార్లు చెప్పింది. మార్చలేదు. అడిగి మార్చుకున్నట్టవుతుందని ఒక పట్టుదల.

ఆయన మీద అసూయ అని ఒప్పుకోవడానికే అతనికి రెండేళ్ళు పట్టింది. చచ్చిపోయినవాడితో పోటీ ఏమిటని తనను తానే తిట్టుకునేవాడు. కానీ ఎదుట ఉన్నవాడైతే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతాడు, చెయ్యి వణుకుతుంది, బట్టతల వస్తుంది. మొదటాయనకు అవేమీ రావు. గోడ మీది ఫొటోలో ముప్పై ఎనిమిదేళ్ళ దగ్గర నవ్వుతూ ఆగిపోయాడు.

అన్నిటికంటే ఎక్కువ మండించింది ఈ కంప్యూటరే. రెండేళ్ళ క్రితం నిదానం ఇందులో కొత్త డిస్కు వేసి, మెమరీ రెట్టింపు చేశాడు. అంతకు ముందు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు తీసుకునేది పదిహేను సెకన్లలో తెరుచుకుంది. మరుసటి వారం చుట్టాలొచ్చినప్పుడు భార్య వాళ్ళకు చూపించి, "ఎంత పాతదైనా చూడండి, వాళ్ళ నాన్న అప్పుడే స్పీడు పెంచి పెట్టారు" అంది. నిదానం పక్కనే నిలబడి గ్లాసులు అందిస్తున్నాడు.

నిన్న సాయంత్రం ఆ కంప్యూటరు తెరవగానే తేదీ అడిగింది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందని నిదానానికి వెంటనే తెలిసింది. అది అయిపోతే బోర్డు తన సెట్టింగులన్నీ మరిచిపోయి, కొత్తగా కొన్న రోజుకు వెళ్ళిపోతుంది.

"అయ్యో, వాళ్ళ నాన్న పెట్టిన స్పీడు పోయినట్టేనా?" అని భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

అమ్మాయి ఒక్క నిమిషం ఆ కాగితం వంక చూసి, "ఎలాగూ విప్పుతారు కదా. ఫోర్ పాయింట్ టూ పెట్టి ఇస్తారా?" అని అడిగింది. ఆమెకిప్పుడు ఇరవై ఒకటి. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో, వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది. ఈ రోజు నాలుగింటి బస్సుకు ప్రయాణం. కంప్యూటరు వెంట తీసుకెళుతుంది. నాలుగేళ్ళలో ఆమె నిదానాన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. "మీరు" అంటుంది, అంతే. ఆ మాటలో తక్కువ చేయడం లేదు, దగ్గర చేయడమూ లేదు.

"అదెంత పని" అన్నాడు నిదానం. అంటుండగానే లోపల ఒక సంతోషం పొడుచుకొచ్చింది. ఫోర్ పాయింట్ టూ ఎందుకు, ఫోర్ పాయింట్ త్రీ పెడతాను. కాగితం పీకి, నా చేత్తో రాసి అంటిస్తాను.

బ్యాటరీ మార్చి సెట్టింగుల తెర తెరిచాడు. ఖరీదైన బోర్డుల్లో ఈ తెర నిండా మీటలుంటాయి. వేగం పెంచుకోవచ్చు, కరెంటు పెంచుకోవచ్చు, తట్టుకోలేక ఆగిపోతే ఒక మెట్టు దించుకోవచ్చు. ఇందులో తేదీ ఉంది, ఫ్యాను ఉంది, మెమరీకి రెండు మెట్లున్నాయి. ప్రాసెసర్ వేగం ఎదురుగా 3.4 అని బూడిదరంగులో ఉంది. బాణం గుర్తు దాన్ని ముట్టుకోకుండా దాటిపోతోంది.

ఇలాంటి బోర్డులు అతని చేతుల మీదుగా వందలు వెళ్ళాయి. వేగం పెంచడం వీటిలో కుదరదని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ ఆయన చేశాడు కదా! బడిలో పరీక్షనాళికలు కడుక్కునే మనిషి చేసినది, ఇరవై రెండేళ్ళు ఇదే బల్ల మీద కూర్చున్నవాడికి చేతకాదా? ఎక్కడో దారి ఉండి ఉంటుంది. పాత సాఫ్ట్‌వేరు ఎక్కించి చూశాడు. ఇంకా పాతది ఎక్కించాడు. బోర్డు మీది చిన్న పిన్నులను కలిపి చూశాడు. రెండు గంటలు గడిచాయి. చంకలు తడిసిపోయాయి. 3.4 కదలలేదు.

"ఏంటి నిదానంగారూ, ఇంటిది మొరాయిస్తోందా?" అన్నాడు యజమాని, అటుగా వెళుతూ.

"ఇల్లు కదండీ, మొరాయించక ఏం చేస్తుంది" అని నవ్వాడు గానీ, ఆ నవ్వు మూతి దాటలేదు.

ఆ బోర్డు చేసిన కంపెనీ పుస్తకాన్ని వెతికి, అటూ ఇటూ మూడుసార్లు చదివాడు. దాని సాఫ్ట్‌వేరు ఏ విడుదలలోనూ ఆ వెసులుబాటు లేదు. ఎప్పుడూ లేదు. పుస్తకం మూసేసరికి విషయం చల్లగా, నెమ్మదిగా తలకెక్కింది. మొదటాయన ఏమీ పెంచలేదు. పెంచలేకపోయాడు. ఊరికే చెప్పాడు.

నిదానం కుర్చీలో వెనక్కి వాలాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ మనిషి కన్నా తను పొడుగయ్యాడు. సాయంత్రంలోగా ఇంట్లో చెప్పాల్సిన వాక్యాన్ని లోపలే నూరుకున్నాడు. "ఇందులో అసలు ఆ ఏర్పాటే లేదమ్మా. ఆయన నీకు సరదాగా చెప్పి ఉంటారు." సరదాగా అనే మాట దగ్గర ఎంత మెత్తగా పలకాలో కూడా చూసుకున్నాడు.

సరే, ప్రాసెసర్ వేడిని ఫ్యాను వైపు లాగే పేస్టయినా మార్చి ఇద్దామని ఫ్యాను విప్పబోయాడు. పక్క రేకు నుంచి ఫ్యాను దాకా నల్లటి గొట్టం ఒకటి ఉంది. రెండేళ్ళ క్రితమూ కనబడింది. అప్పుడు పరిశీలనగా చూడలేదు, చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు తీసి, దుమ్ము దులిపి, ట్యూబులైటుకు ఎత్తి పట్టాడు.

ఎక్స్‌రే. గొట్టంగా చుట్టి, అంచులు సూదీ దారంతో కుట్టిన ఛాతీ ఎక్స్‌రే. ఎడమవైపు నాలుగు పక్కటెముకలు తెల్లగా కనబడుతున్నాయి. ఎముకల వెనక ఒక మూల పొగలాంటి మచ్చ. ఎవరిదో పేరు లేదు. పేరు అక్కర్లేదు.

బయటి చల్లగాలి నేరుగా ప్రాసెసర్ మీద పడడానికి చేసిన దారి అది. ఫ్యాను తీసి, కిందనున్న పేస్టు చూశాడు. ఎక్కడా పొంగలేదు, ఎక్కడా తగ్గలేదు. వైర్లన్నీ దారంతో కట్టి ఉన్నాయి, ఒక్క ముడీ జారలేదు. డబ్బా లోపలి గోడ మీద పెన్సిలుతో అంకెలు: "మొదట 78. పేస్టు మార్చాక 69. వైర్లు తప్పించాక 66. గొట్టం పెట్టాక 57." ప్రాసెసర్ వేడి లెక్క. వేడెక్కితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పెంచడం చేతిలో లేదని తెలిశాక, తగ్గకుండా కాపలా కాశాడన్నమాట ఆ మనిషి. ఒక్కొక్క డిగ్రీనే దింపుకుంటూ.

నిదానం నూరుకున్న వాక్యం నోట్లో అలాగే ఉంది. కానీ అసూయ తగ్గడానికి బదులు రెట్టింపయింది. వేగం పెంచి ఉంటే అది విద్య. విద్య తనకూ ఉంది. ఇదేమిటి? తన ఛాతీ బొమ్మను కత్తిరించి కూతురి కంప్యూటరు డబ్బాలో గాలికి దారి చేయాలని ఎవరికి తోస్తుంది? అంత చేసి, అది చెప్పకుండా, చేయనిది చేశానని చెప్పుకున్నాడు. అలా చెప్పగల చనువు ఒకటి ఉంటుంది. అది ఏ షాపులో నేర్పుతారు?

గొట్టాన్ని మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఒక చోట దారం తెగితే, సొరుగులో సూది వెతికి కుట్టాడు. కొత్త పేస్టు రాసి బిగించి, గంటసేపు పరుగెత్తించి కొలిచాడు. యాభై ఐదు. పెన్సిలు తీశాడు. ఆయన అంకెల కింద రాయబోయి ఆగి, జేబులో పెట్టేసుకున్నాడు.

ఒంటిగంటన్నరకు ఇంటికి చేరేసరికి అమ్మాయి పెట్టె సర్దుకుంటోంది. భార్య చేతిలో తువ్వాలుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకేసారి అతని వంక చూశారు.

"పెట్టారా?" అంది అమ్మాయి.

వాక్యం నాలుక మీదికి వచ్చింది. సరదాగా అనే మాట కూడా సరైన చోటే ఉంది.

"పెట్టాను" అన్నాడు నిదానం. "ఫోర్ పాయింట్ టూ. ఆయన పెట్టినట్టే."

భార్య ముఖం విప్పారింది. "చూశావా, మీ నాన్న పెట్టినట్టే పెట్టారు" అంది కూతురితో. తువ్వాలుతో ఆ తెల్ల కాగితాన్ని మెల్లగా తుడిచింది. నిదానం కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, కుళాయి కింద చాలాసేపు నిలబడ్డాడు. తన నోటితో తనే ఆయనను గెలిపించాడు. ఎవరూ బలవంతం కూడా చేయలేదు.

భార్యకు మోకాళ్ళ నొప్పులు. గేటు దగ్గరే కూతురిని పట్టుకుని ఏడ్చి ఆగిపోయింది. బస్టాండు దాకా నిదానమే వెళ్ళాడు, కంప్యూటరును దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా ఎత్తుకుని. బస్సు అప్పటికే నిలబడి ఉంది. కిటికీ సీటు మీద అమ్మాయి కూర్చున్నాక, డబ్బాను ఆమె ఒళ్ళో పెట్టాడు.

"కుదుపులకు లోపల గొట్టం ఊడొచ్చు. వెళ్ళాక ఒకసారి పక్క రేకు తీసి చూసుకో."

"ఎక్స్‌రే గొట్టమా?"

నిదానం తల ఎత్తాడు.

"కాలేజీ మొదటి ఏడాదిలోనే విప్పి చూశానండీ" అంది అమ్మాయి, దుప్పటి అంచు సర్దుకుంటూ. "స్పీడు త్రీ పాయింట్ ఫోరేనని అప్పుడే తెలిసింది. అమ్మకు చెప్పలేదు."

"మరి నన్నెందుకు పెట్టమన్నావ్?"

"పెట్టమన్నాను. ఇదివరకు ఉందనలేదు కదా." ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఆయనకు కుదరలేదు. మీకు కుదురుతుందేమో అనుకున్నాను. మీకు తెలిసినంత ఆయనకు తెలీదు."

బస్సు ఇంజను మొదలైంది. నిదానం కిటికీ ఊచ పట్టుకున్నాడు. "నాకూ కుదరలేదు" అన్నాడు.

"తెలుసు. మధ్యాహ్నం తెరిచి చూశాను." అమ్మాయి నవ్వింది. "మీరూ ఆయనలాగే చెప్పారు. ముఖం కూడా అలాగే పెట్టారు."

బస్సు కదిలింది. ఊచ చేతిలోంచి జారిపోయింది. దుమ్ములో నిలబడి అతను ముందు లెక్క వేసుకున్నాడు: ఆయన అబద్ధం తొమ్మిదేళ్ళు నిలబడింది, తనది బస్టాండు దాకా కూడా రాలేదు. దాని మీద కూడా ఒక్క క్షణం కుళ్ళుకున్నాడు. తరువాత ఆమె అన్న మాట మళ్ళీ వినిపించింది. మీకు కుదురుతుందేమో అనుకున్నాను. నాలుగేళ్ళుగా తను పోటీ పడుతున్న ఇంట్లో, ఒకరు తన వైపు పందెం కాసి ఉన్నారన్నమాట. అది తనకు తెలియలేదు. ఇంటి దాకా నడిచే వచ్చాడు.

భార్య లోపల పడుకుని ఉంది. అమ్మాయి గది తలుపు తీసే ఉంది. బల్ల ఖాళీగా ఉంది. దుమ్ము తుడవబోతే గుడ్డకు ఏదో అడ్డం తగిలింది. డబ్బా అడుగున ఉండే నాలుగు రబ్బరు కాళ్ళలో ఒకటి ఊడి, బల్లకే అతుక్కుపోయింది. నిదానం గోరుతో పెకలించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పన్నెండేళ్ళ వేడికి మెత్తబడి చెక్కలోకి దిగిపోయిన ఆ నల్ల రబ్బరు బిళ్ళ బొత్తామంత ఉంది, దాని మీద ఇంకా కొంచెం వెచ్చదనం ఉన్నట్టే ఉంది.