చివరిదాకా ఉండే వేషం

పొద్దున్నే టిఫిన్ క్యారియర్ సర్దుతూ మరగదం మొగుణ్ణి అడిగే మాట ఒకటే.

"ఇవాళ ఎన్ని?"

"రెండు. పొద్దున లారీ కింద. భోజనాలయ్యాక గుండెపోటు," అన్నాడు తణిగాచలం గడ్డం గీసుకుంటూ.

"లారీ అంటే మీకు వేడి చేస్తుంది. మజ్జిగ ఎక్కువ పెడుతున్నాను, తాగండి. పోయినసారిలా లైట్ల వాళ్లకి పోసేసి రాకండి."

మద్రాసు సాలిగ్రామంలో ఆ దంపతులు ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉంటున్నారు. తణిగాచలం తమిళ సినిమాల్లో చచ్చిపోయే వేషాలు వేస్తాడు. హీరో తండ్రి, హీరోయిన్ మేనమామ, నిజాయితీగల హెడ్ కానిస్టేబులు, ఏదైనా సరే మూడో రీలు దాటడు. అందరిలా ఊపిరి బిగబట్టి పడుకోవడం ఆయనకు చేతకాదు. యాక్షన్ అనగానే నిజంగానే పోతాడు. ఒళ్లు చల్లబడుతుంది, నాడి ఆగిపోతుంది. మేకప్ వాళ్లకి పని తప్పుతుంది కాబట్టి వాళ్లకి ఆయనంటే మహా ఇష్టం.

చచ్చిన షాటు తీశాక అదే మనిషిని కెమెరా వైపు చూసి నవ్వమని ఇంకో షాటు తీయడం కోడంబాక్కంలో పాత ఆనవాయితీ. దిష్టి పోతుందని. మిగతా నటులకు అదొక మొక్కుబడి తంతు. తణిగాచలం మాత్రం ఆ నవ్వుతోనే లేస్తాడు. "అన్నా, నవ్వు షాటు!" అని అసిస్టెంటు చెవి దగ్గర కేకేస్తే ముందు పెదవులు కదులుతాయి, తర్వాత మొహానికి రంగొస్తుంది, ఆ వెనకే "కాఫీ వచ్చిందా?" అంటాడు. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. సెట్లో ఒకరికి కోపం ఎక్కువ, ఒకరికి నిద్ర ఎక్కువ, ఈయనకు ఇది.

ఆయన బాధల్లా వేరు. ఇన్ని సినిమాల్లో ఒక్కదాంట్లోనైనా చివరిదాకా బతికుండాలని. "డైలాగు కూడా అక్కర్లేదు మరగదం. ఆఖర్న అందరూ నవ్వుతూ నిలబడతారే, అక్కడ ఓ మూల నిలబడితే చాలు," అనేవాడు.

అరవై రెండో ఏట ఆ వేషం రానే వచ్చింది. ఇళంపరిది అనే కొత్త దర్శకుడు ఇంటికొచ్చి చాప మీద కూర్చుని కథ చెప్పాడు. హీరో తండ్రికి సైకిల్ రిపేరు షాపు. ఆఖరి సీన్లో మనవరాలిని సైకిలెక్కించుకుని వీధంతా తిప్పుతాడు.

"నేనెక్కడ పోతాను తంబీ?" అని అలవాటుగా అడిగాడు తణిగాచలం.

"మీరు పోరు సార్."

ఆ మాట విని మరగదం వంటింట్లో గరిట పట్టుకుని నిలబడే ఏడ్చేసింది.

ఇరవై రోజులు షూటింగు సజావుగా సాగింది. ఇరవై ఒకటో రోజు హీరోగారికి ఇంటర్వెల్ చప్పగా తోచింది. తండ్రిని చంపితే తప్ప రెండో సగంలో తనకి కోపం రాదన్నాడు. నిర్మాత కూడా అవునన్నాడు. మొదటి సినిమా తీస్తున్న ఇళంపరిది మాట ఎవరు వింటారు? తణిగాచలం లేచి వెళ్లి షాపు ముందు నిలబడ్డాడు. ముప్ఫయ్యేళ్లలో ఒక్కసారైనా ఎదురు చెప్పిన మొహమా అది! రౌడీలు కొట్టారు. షాపు ముందు పడ్డాడు. పోయాడు.

"అన్నా, నవ్వు షాటు!"

నవ్వలేదు. మళ్లీ పిలిచారు, నవ్వలేదు. పక్క ఫ్లోర్ నుంచి హాస్యనటుణ్ణి పట్టుకొచ్చారు. ఆయన వేసిన జోకులకి యూనిట్ అంతా పొట్టలు పట్టుకుంది గానీ తణిగాచలం పెదవి కదల్లేదు. చివరికి ఆటో పంపి మరగదాన్ని రప్పించారు. ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.

"ఈ సీను తీసేశామని చెప్పు బాబూ," అంది ఇళంపరిదితో.

"అబద్ధం కదమ్మా."

"అయితే కానీ. చెప్పు."

ఇళంపరిది వంగి, "సార్, ఈ సీను తీసేశాం. మీరు చివరిదాకా ఉంటారు," అన్నాడు.

తణిగాచలం నవ్వాడు. అంత నిండుగా ఆయన నవ్వడం ఎవరూ ఎరగరు. లేచి కూర్చుని "నిజమేనా తంబీ?" అని అడిగాడు. అందరూ తల వంచుకుని వైర్లు చుట్టడంలో పడ్డారు. ఆ మర్నాడు ఇళంపరిది సైకిల్ సీను కూడా తీశాడు, సినిమాలో అది ఉండదని తెలిసే.

విడుదలకి ఐదు నెలలు పట్టింది. ఈలోగా తణిగాచలం ఇస్త్రీ బండి వాడి దగ్గర్నుంచి గుడి గుమాస్తా దాకా అందరికీ చెప్పేశాడు. మరగదానికి ఎటూ పాలుపోలేదు. చెబితే అక్కడికక్కడే పోతాడేమోనని భయం, చెప్పకపోతే తెర మీద చూసి పోతాడని భయం.

"మోకాళ్లు పీకేస్తున్నాయండీ. టీవీలో వచ్చినప్పుడు చూద్దాం," అంది విడుదల రోజున.

"నేను బతికుండే సినిమా టీవీలో చూడమంటావా? నీ మోకాళ్లకి ఆటో పిలుస్తాలే, పద."

మ్యాట్నీకి వెళ్లారు. గంటసేపు ఆవిడ తెర మీద ఏం జరుగుతోందో చూడలేదు. సైకిల్ షాపు కనబడగానే ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"కళ్లు తిరుగుతున్నాయి, బయటికి పోదాం రండి."

"ఐదు నిమిషాలు ఓర్చుకో. నా షాపు వచ్చింది చూడు, ఎంత బాగుందో!"

రౌడీలు వచ్చారు. తణిగాచలం తెర మీంచి చూపు తిప్పి పెళ్లాం మొహంలోకి చూశాడు.

"తీసేశామన్నాడు కదే," అన్నాడు.

ఆవిడ చేతిలో ఆయన చెయ్యి చల్లబడింది.

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. ముందు వరుసలో ఉన్న లావాటాయన వెనక్కి తిరిగి గుర్తుపట్టాడు. "సార్, మీరేగా! భలే పోయారు సార్, ఏడిపించేశారు!" అంటూ ఫోను ఎత్తాడు. "ఒక్క ఫోటో. కొంచెం నవ్వండి సార్."

మరగదం ప్రాణాలన్నీ కళ్లలో పెట్టుకుని మొగుడి పెదవుల వైపు చూసింది. కదల్లేదు. ఏదో ఒకటి చెబుదామని ఆయన చెవి దగ్గరికి వంగింది కూడా. చెప్పడానికి ఆవిడ దగ్గర ఇంకో అబద్ధం లేదు.

"సార్, ఒక్కసారి నవ్వండి సార్."

"చాలు నాయనా," అంది మరగదం. "ఇంక ఆయన్ని నవ్వమనకు."

లావాటాయనకి సంగతి అర్థమై, ఫోను జేబులో పడేసి పరుగెత్తాడు. టార్చిలైటు మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. "అమ్మా, పట్టుకోండి, బయటికి తీసుకెళదాం," అన్నాడు ఆ మనిషి.

"సినిమా ఇంకా ఎంతుంది?"

"గంటా పది నిమిషాలమ్మా."

"అయితే అయ్యాక రండి. ఆయన చివరిదాకా ఉంటారు," అని మరగదం మొగుడి తలని తన భుజానికి ఆనించుకుని మొహం తెర వైపు తిప్పింది.