ఇరవై సెకన్లు

రెండువేల ఒకటిలో, ఫిషింగ్ హార్బర్ దగ్గర ఓ బోట్ల కంపెనీ ఆఫీసులో పాత వాయిస్‌మెయిల్ పీకేసి కొత్తది పెట్టింది నేనే. పాతది రోజూ నిండిపోయి మొరాయించేది. ఎందుకు నిండదూ? సముద్రం మీదున్న మొగుళ్ళ కోసం ఆడవాళ్ళు పొద్దున్నే బూత్ నుంచి ఫోన్ చేసి, మెషిన్‌లో మాట పెట్టేవారు. తొమ్మిదింటికి ఆఫీసు గుమస్తా సూర్యకళ వచ్చి, అవి విని, వైర్‌లెస్‌లో బోట్లకు చెప్పేది. ఒక్కొక్కరి కబురూ చేంతాడంత!

కొత్తదానిలో మెసేజ్‌కి ఇరవై సెకన్లే పెట్టాను. ఘనకార్యం చేశాననుకున్నాను.

“సాలదండీ. మావోళ్ళు అసలు మాట ఆకర్న సెప్తారు,” అంది సూర్యకళ.

“సోది తగ్గించుకోమనండి,” అన్నాను. నా నోరు పడిపోనూ!

నెల తిరక్కుండానే ఆవిడ నన్ను పిలిపించింది. వెళ్ళేసరికి బెంచీ మీద దాలయ్య, గోడవారగా అతని భార్య జోగమ్మ. దాలయ్య బోటు దిగి రెండు రోజులైంది. దిగేసరికే తల్లి పోయింది, తలకొరివి తమ్ముడు పెట్టేశాడు. పెద్దకొడుకు అతనే. తల్లికి బాగాలేదన్న కబురందితే, అంతకు నాలుగు రోజుల ముందు ఒడ్డుకొచ్చిన పక్క బోటులో వచ్చేసేవాడు. కబురు పెట్టానని ఆమె, వైర్‌లెస్‌లో అందరూ బాగున్నారనే విన్నానని అతను. అప్పట్నుంచీ పెళ్ళాంతో మాట్లాడ్డం మానేశాడట.

“నాను సెప్పాను బాబూ. మెషిన్లో ఉంటాది, ఈయనకి ఇనిపించండి,” అంది జోగమ్మ.

బటన్ నొక్కాను.

“సూర్యకళమ్మా, నాను జోగమ్మని. బాగున్నావా? మీ పాపకి జొరం తగ్గిందా? మీయమ్మ కులాసాయేనా? మొన్న గాలికి మీ ఇంటికేటీ అవనేదు గదా? మాం బాగున్నాం, మా పెద్దోడు బడికెల్తన్నాడు. మరేటంటే, మా మావకి సెప్పమ్మా...”

బీప్.

దాలయ్య కాసేపు ఎదురుచూశాడు. “మిగతాది కూడా పెట్టండి బాబూ. లోపలుంటాది గదా,” అన్నాడు.

లోపలేముంది, నా తెలివితక్కువతనం తప్ప? లైన్ తెగిపోయిందని బొంకుదామని నోటిదాకా వచ్చింది. జోగమ్మ నా వైపే చూస్తోంది.

“లేదు దాలయ్యా. ఆమె చెప్పే ఉంటుంది. ఇరవై సెకన్లకి ఆగిపోయేలా పెట్టింది నేను. తప్పు నాది,” అన్నాను.

అతను తిట్టలేదు. రెండు తిట్టినా నాకు బాగుండేది. భార్య వైపు తిరిగి, “అమ్మ సంగతి ముందు సెప్పాల్సింది గదే,” అన్నాడు మెల్లగా.

“బాగున్నారా అని అడక్కుండా, సెడ్డ కబురెలా సెప్తాను మావా?” అంది జోగమ్మ.

సూర్యకళ కొంగుతో ముఖం కప్పుకుంది. నేను మెషిన్ మీద నుంచి చూపు ఎత్తలేకపోయాను.