నాలుగు వేళ్ళ ఎత్తు

బళ్ళ బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు, అంటే కమాన్లు, బాగుచేసే మేస్త్రి వెనక చక్రానికీ, దాని మీద వంగి ఉన్న రేకుకీ మధ్య చెయ్యి దూర్చి చూశాడు. లెక్క ప్రకారం నాలుగు వేళ్ళు అడ్డంగా పట్టాలి. రెండు పట్టడమే గగనంగా ఉంది. ముందు నుంచి చూస్తే కారు దర్జాగా తల ఎత్తుకుని ఉంది, వెనక్కి వస్తే చతికిలబడి ఉంది.

కారు బావది, అంటే అక్క మొగుడిది. ఆ మోడలు చెయ్యడం కంపెనీవాడు ఏనాడో మానుకున్నా బావ మాత్రం దాన్ని మానుకోలేదు. పొద్దున్నే తెచ్చి షెడ్డులో వదిలి, "వెనక టైరు రేక్కి రాసుకుంటోందోయ్. కొత్త కమాన్లంటే నా వల్ల కాదు. ఏదో చవగ్గా కాస్త లేపి పెట్టు. సాయంత్రానికి కావాలి," అన్నాడు. మొహం చూడకుండా చెప్పి వెళ్ళిపోయాడు. బావ తరహాయే అంత గనక మేస్త్రి పట్టించుకోలేదు.

మేస్త్రికి యాభై దాటాయి. పెళ్ళి కాలేదు. వచ్చిన ఒకటి రెండు సంబంధాలూ గ్రీజు వాసనకి పారిపోయాయని అక్క వేళాకోళం చేస్తుంది. అమ్మ పోయాక పది రోజులుండి వెళదామని అక్క ఇంటికి వచ్చినవాడు ముందు గదిలో చాప పరుచుకుని, అక్కడే జుట్టు నెరిపించుకున్నాడు. అక్క పెట్టింది తినడం, బావ చెప్పింది వినడం, ఇదే అతని సంసారం. అందులో అతనికి ఏ లోటూ కనబడలేదు.

జాకీ పెడితే బండి మొరాయించింది. రొప్పుతూ తిప్పాడు. వయసు మీద పడిందనుకున్నాడు, బండికో తనకో తేల్చుకోలేదు. కింద దుంగలు పెట్టి, బోల్టులు విప్పి కమాను కట్టను నేలకు దించాడు. దించి చూస్తే వింతగా ఉంది. కుంగిన బండి కమాను పట్టీలు చదునైపోయి ఉండాలి. వీటి వంపు చెక్కుచెదరలేదు. మరి బండి ఎందుకు కూలబడినట్టు? బుర్ర గోక్కున్నాడు. జుట్టుకి గ్రీజు అంటింది గానీ జవాబు తట్టలేదు.

పరాయివాళ్ళ బండి అయితే ముందు డిక్కీ తీయించి బరువు దించడం అతని పద్ధతి. ఇది ఇంటి బండి. అందులో ఉండేది ఒక స్టెప్నీ, ఒక పాత గుడ్డ. తెరవాలన్న ఆలోచనే రాలేదు.

తుక్కులోంచి పాత వ్యాను పట్టీ లాగి, కొలతకి కోసి, సుత్తితో వంపు తెచ్చి, కట్టలో దాని పొడుగుకి తగ్గ చోట దూర్చి బిగించాడు. రెండో వైపూ అలాగే వేశాడు. దుంగలు తీసి చెయ్యి పెట్టాడు. మూడు వేళ్ళు. చెయ్యి మార్చి చూశాడు, మూడే. ఇంత పట్టీ వేస్తే ఖాళీ బండి వెనక భాగం ఆకాశం చూడాలి. అప్పటికి అనుమానం వచ్చి డిక్కీ తెరిచాడు.

లోపల గ్రైండరు ఉంది. పక్కన కుట్టుమిషను, పరుపు చుట్ట, ఒకదాంట్లో ఒకటి దూర్చిన గిన్నెలు, చీరల మూట. వంటిల్లు వంటిల్లే తరలివచ్చి కూచుంది. మేస్త్రికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంట్లో దొంగలు పడ్డారా? దొంగసొత్తు బావ ఎందుకు మోసుకొస్తాడు? మరమ్మతుకేమో అనుకుందామంటే పరుపుకి మరమ్మతేమిటి? రాత్రి తను పడుకున్నాక సర్ది ఉంటారు. తను లేవకుండా చప్పుడు కాకుండా సర్ది ఉంటారు.

రోజూ మధ్యాహ్నం అతనే ఇంటికి వెళ్ళి తింటాడు. ఇవాళ అక్క కారియరు పట్టుకుని వచ్చింది. తెరిచి ఉన్న డిక్కీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"తీశావా," అంది.

"బండి లేవకపోతేనూ."

ఆమె స్టూలు మీద కూచుని కొంగుతో మెడ తుడుచుకుంది. "మీ బావకి ఓ తోట బంగళాలో కాపలా పని దొరికిందిరా. అక్కడే ఉండాలిట. నీకు చెబుదామనే ఉంది. నోటిదాకా రావడం, మింగెయ్యడం. నువ్వు చెప్పంటారాయన, మీరే చెప్పండంటాను నేను."

"గదులెన్నక్కా?"

ఆమె కారియరు మూత తిప్పుతూ కూచుంది. ఎంత తిప్పినా అది ఊడలేదు.

"ఒకటే."

మేస్త్రి తల ఊపాడు. ఎందుకు ఊపాడో అతనికే తెలియదు.

"ఇల్లు నెలాఖరుదాకా మనదే. ఈలోగా నువ్వెక్కడో..." అని ఆగింది అక్క.

"చూసుకుంటాలే. ఇంత బరువుకి ఈ పట్టీ చాలదు. ఇంకోటి వెయ్యాలి," అన్నాడు.

ఆమె వెళ్ళాక మళ్ళీ బండి కింద దూరాడు. పని కాలేదంటే ఇవాళ్టికి ఆగిపోతారు. రేపూ కాలేదంటే రేపూ ఆగుతారు. బోల్టు బిగిస్తూ అనుకున్నాడు, అనుకుంటూనే బిగించాడు. కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ ఒక్కసారే వచ్చి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. అక్క మీద కోపం నిలవలేదు. బావ మీదా నిలవలేదు. ఇన్నేళ్ళు ఎవరు ఎవరింట్లో ఉన్నారో, పోతున్నది వాళ్ళో తనో, అదే సరిగ్గా పోల్చుకోలేకపోయాడు.

సాయంత్రానికి నాలుగు వేళ్ళూ పట్టాయి. బావ అక్కని వెంటబెట్టుకుని వచ్చి, వంగి చూశాడు. టైరు చూశాడు, రేకు చూశాడు, మేస్త్రి మొహం తప్ప అన్నీ చూశాడు.

"ఇక రాసుకోదుగా?"

"రాసుకోదు బావా. గోతుల్లో మాత్రం నెమ్మదిగా పోండి."

అక్క ముందు సీట్లో కూచుని, "పెందలాడే ఇంటికెళ్ళు," అంది. ఇంకేదో అనబోయింది గానీ బండి కదిలింది. వీధి మలుపులో గొయ్యి ఉంది. కారు అందులో దిగి లేచింది. టైరు రాసుకున్న చప్పుడు రాలేదు. మేస్త్రికి సంతోషం వేసింది. ఆ వెంటనే, సంతోషం ఎందుకో తెలియక అక్కడే నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళి లైటు వేశాడు. ముందు గది పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. వంటింటి గోడలకి మాత్రం గిన్నెలు ఆనించి ఉన్న చోట తెల్లటి మరకలు మిగిలాయి. పొయ్యి ఒక్కటీ వదిలి వెళ్ళారు. దాని మీద ఒక చిన్న గిన్నె, మూత పెట్టి ఉంది. లోపల ఒక్క మనిషికి సరిపడా బియ్యం, కడిగి, సరిగ్గా నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించడమే తరువాయిగా.