హార్బర్ కాంతం పాడిన అమెరికా పాట

ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట పాడే మహాలక్ష్మమ్మ గొంతు ఐసు ఫ్యాక్టరీ దాకా వినిపించేది. ఆ గొంతే కూతురు కాంతానికీ వచ్చింది. తల్లి పొద్దున్నే ధర పాడితే, కూతురు సాయంత్రం పూట పెళ్లిళ్లలో, పందిళ్లలో సినిమా పాటలు పాడేది. సాయిశంకర్ నడిపే ఆర్కెస్ట్రాలో ఆమే మెయిన్ సింగరు.

1996 ఎండాకాలంలో సాయిశంకర్ ఒక క్యాసెట్టు తెచ్చాడు. పోర్టుకొచ్చిన ఓడలో వంటవాడెవరో ఇచ్చాడట. అందులో ఒకటే పాట మూడుసార్లుంది. మొదట పాడింది ఒక నల్లజాతి గాయని. ఆ రకం పాటల్ని రిథమ్ అండ్ బ్లూస్ అంటారని, అమెరికాలో అది పెద్ద హిట్టని చెప్పాడు. తర్వాత అదే పాటని ఒక మగాయన ఏడుస్తున్నట్టు పాడాడు. మూడోసారి ఎవరో కుర్రాళ్లు డాన్సు పాట చేసేశారు.

"బీచ్ రోడ్డు హోటల్లో ప్రోగ్రాం ఉంది. ఇంగ్లీషు పాటొకటి కావాలన్నారు. ఆ రెండోది నేర్సుకో, జనం కరిగిపోతారు," అన్నాడు సాయిశంకర్.

కాంతానికి ఇంగ్లీషు రాదు. మూడూ శ్రద్ధగా విన్నది. "ముందు ఆవిడ ఏటంతందో సెప్పన్నా," అంది.

"గుమ్మంలో నిలబడి మనిషిని అడుగుతంది, ఉంటావా పోతావా అని. రేపటి దాకా సూత్తానంతంది."

"మరీయన ఎందుకేడుత్తన్నాడు? ఆవిడ బతిమాలట్లేదు కదా, గడువు పెడతంది. నాను మొదటిదే పాడతాను. మాటలు మనవి ఏసుకుందాం."

వారం రోజులు కూర్చుని తనే మాటలు కట్టింది. 'వత్తే రా, నేకపోతే సెప్పు, నాకు పనుంది' అని పల్లవి. ప్రోగ్రాంలో అది విని, ఇంగ్లీషు పాట కాదేమని హోటల్ మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. కానీ రెండో చరణం వచ్చేసరికి వంటింట్లో వాళ్లు కూడా గరిటెలతోనే తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత ఆ పాట లేకపోతే ప్రోగ్రామే వద్దనేవారు జనం. సాయిశంకర్ దాన్ని క్యాసెట్టు చేయించాడు.

రెండేళ్లకు కాంతం మద్దిలపాలెంలో ఒక క్యాసెట్ల షాపు ముందు నుంచి వెళుతుంటే అదే పాట వేరే గొంతులో వినిపించింది. గవర్రాజు అని, ఊళ్లో ఇంకో ఆర్కెస్ట్రా నడిపే ఆయన క్యాసెట్టది. పాడింది పుష్ప అనే కొత్తమ్మాయి. అట్ట మీద 'రచన, బాణీ: గవర్రాజు' అని ఉంది. రికార్డింగు రోజున దగ్గొచ్చి కాంతం ఒక మాట మింగేసింది. పుష్ప కూడా సరిగ్గా అక్కడే మింగింది. కాంతానికి నవ్వాగలేదు.

సాయిశంకర్ మాత్రం మండిపడ్డాడు. "కేసు పెడదాం."

"బాణీ మనదేటన్నా, కేసు పెట్టడానికి?" అంది కాంతం. "మాటలు నావి. అది నాను అందరి ముందూ సెప్తాను."

ఆ రోజు 2000 డిసెంబరులో వచ్చింది. రుషికొండ బీచ్‌లో ఉత్సవం, ఒకే స్టేజీ మీద రెండు ఆర్కెస్ట్రాలూ. గవర్రాజు వాళ్లు ముందెక్కి ఆ పాటనే డప్పుల మోతతో పాడేసరికి కుర్రకారు ఇసక రేగేలా గెంతారు.

"మనం ఇంకోటి పాడదాం," అన్నాడు సాయిశంకర్ కంగారుగా.

"ఎందుకు? నువ్వు కీబోర్డు ఒక్కటే వాయించు, సాలు."

కాంతం మైకు పుచ్చుకుంది. "ఈ బాణీ నాది కాదు, గవర్రాజు గారిదీ కాదు. అమెరికాలో ఒకావిడది. మాటలు మాత్రం నాను కట్టినవి. ఆవిడ ఎంత నిదానంగా పాడిందో ఇప్పుడు ఇనండి."

గెంతినవాళ్లంతా ఇసకలో కూలబడ్డారు. తొందరపడకుండా, ఒక్కో మాటా ఎదుటివాడి చేతిలో పెట్టినట్టు పాడింది. రెండోసారి పల్లవికి వచ్చేసరికి, సముద్రం వైపు చేపల వేపుళ్లు అమ్ముకుంటున్న ఆడవాళ్లు 'నాకు పనుంది' అని తామే అందుకున్నారు.

పాటయ్యాక గవర్రాజు స్టేజీ వెనక్కి వచ్చాడు. తల దించుకుని, "అట్ట మీద నీ పేరేయిత్తాను సెల్లెమ్మా," అన్నాడు.

"ఎయ్యండి. బాణీ అమెరికా పాటదని కూడా రాయండి."

అతను మాట నిలబెట్టుకున్నాడు. 2003 నాటికి తుని నుంచి ఇచ్ఛాపురం దాకా ఆ పాట పాడని ఆర్కెస్ట్రా లేదు. పెళ్లి బ్యాండు వాళ్లు బాకాల మీద కూడా ఊదేవారు. ఎక్కడ వినిపించినా కాంతం ఆగి చివరి దాకా వినేది. ఎవరు బాగా పాడారని ఒక విలేకరి అడిగితే ఆలోచించలేదు.

"ఆవిడ. ఆ తర్వాత నాను," అంది.