ఐదింట రెండు వంతులు

టైల్స్ పెట్టె మోకాలి మీద పడి మేస్త్రి మూడు వారాలు మంచం దిగలేదు. నాలుగో వారానికి కర్ర ఊతంతో వంటగది దాకా నడిచాడు గానీ, గొంతుక్కూర్చుని నేల పరిచే పనికి ఇంకా చాలా రోజులు పట్టేలా ఉంది. భార్యకు ఆసుపత్రి లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టు. బడి నుంచి చీటీ వచ్చిన సాయంత్రం ఇంట్లో ఉన్నది అతనూ, పదేళ్ల కూతురూ. ఆ పిల్లను అందరూ పిట్ట అంటారు.

భిన్నాల్లో పిల్ల బాగా వెనకబడిందనీ, శుక్రవారం పరీక్షలో పదికి ఐదైనా రాకపోతే లెక్కల గంటకు కింది తరగతిలో కూర్చోవాల్సి ఉంటుందనీ చీటీలో ఉంది.

"ఇంతేనా," అన్నాడు మేస్త్రి. "పావూ అరా ముప్పావూ. ఇరవై ఏళ్లుగా ఆ ముక్కలు కోసే కదా మనం బతుకుతున్నది. రా, కూర్చో. ఇరవై నాలుగులో నాలుగింట మూడు వంతులు ఎంత?"

"ఇరవై ఒకటి."

"ఎలా?"

"మూడు తీసేశా."

నిదానంగా చెప్పాడు. మళ్లీ అడిగితే ఎనిమిది అంది. ఈసారి మూడుతో భాగించింది. ఇంకోసారి చెప్పాడు. ఏడు అంది. ఆ ఏడు ఎక్కడి నుంచి ఊడిపడిందో ఎవరికీ తెలీదు.

మేస్త్రికి తల ప్రాణం తోకకొచ్చింది. కర్రతో నేలను గట్టిగా కొట్టి, "బుర్ర బడిలోనే వదిలేసి వస్తున్నావా?" అని అరిచాడు. పిట్ట ఏడవలేదు. పెన్సిల్ కింద పెట్టి, రెండు చేతులూ తొడల కింద దాచుకుంది. అరగంట తర్వాత తనే వెళ్లి అన్నం కలిపి పెట్టాడు.

మర్నాడు గొంతు తగ్గించాడు. మంచం కింద నుంచి శాంపిల్ టైల్స్ సంచీ లాగి, అరచేయంత ముక్కలు ఇరవై నాలుగు నాలుగు వరసలుగా పేర్పించాడు. "ఒక వరస పావు. ముప్పావంటే మూడు పావులు. పేరులోనే ఉంది కదమ్మా," అన్నాడు. పిట్ట మూడు వరసలు లెక్కపెట్టి పద్దెనిమిది అంది. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. ఐదో వంతుకు పావులాంటి పేరేదీ అతనికి తెలీదు. అందుకని నాలుగు ముక్కలు పక్కన పెట్టి, మిగిలిన ఇరవైనీ ఐదు కుప్పలు పెట్టించి, రెండు కుప్పలు పక్కకు జరిపించాడు.

బుధవారం టైల్స్ సంచీలో వేసేసి ఉత్త నోటితో అడిగాడు. గురువారానికి పుస్తకంలోని పది లెక్కలూ చెప్పేసింది. జవాబుకు ముందు కాస్త తడబడేది. ఒకటి రెండు అంకెలు నాలుక మీద దొర్లించి, సరైనదాని దగ్గర ఆగేది. ఆలోచిస్తోంది అనుకున్నాడు.

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పా," అన్నాడు భార్యతో.

"దానికొచ్చిందా, మీకే వచ్చిందా?" అని నవ్విందామె.

శుక్రవారం పరీక్షలో పిట్టకు రెండు మార్కులొచ్చాయి.

సోమవారం మేస్త్రి కర్ర పట్టుకుని బడికి వెళ్లాడు. లెక్కల టీచరమ్మ పరీక్ష కాగితం తీసి చూపించింది. చాలావరకు ఖాళీ.

"ఇంట్లో అన్నీ చేసింది మేడమ్. కావాలంటే నా ముందే అడగండి," అన్నాడు.

టీచరమ్మ కాదనలేదు. పిట్టను పిలిచి, నలభైలో ఐదింట రెండు వంతులు ఎంతని అడిగింది. పిట్ట బల్లకు అవతల కూర్చున్న తండ్రి వైపు తిరిగింది.

"పది... ఇరవై... పదహారు."

"చూశారా," అన్నాడు మేస్త్రి.

టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరొక్క నిమిషం వరండాలో ఉంటారా?"

అతను బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తలుపు ఓరగా వేసి ఉంది. ముప్పైలో ఐదింట రెండు వంతులు ఎంత అని టీచరమ్మ అడగడం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. పక్క తరగతిలో పిల్లలు ఎక్కం మొదలుపెట్టి పూర్తి చేశారు. పన్నెండు తల్లీ, పన్నెండు అని లోపల్లోపల అనుకుంటూ మేస్త్రి కర్ర మీద బరువు మార్చుకున్నాడు.

టీచరమ్మే బయటికొచ్చింది. కోపంగా లేదు.

"తను లెక్క చెయ్యట్లేదండీ. మీ ముఖం చదువుతోంది."

బడి వదిలాక ఇంటికి నడుస్తుంటే పిట్ట అతని నడకకు తగ్గట్టు అడుగులు చిన్నవి చేసింది. మందుల దుకాణం దాటాక అడిగాడు, "ఎలా తెలిసేదమ్మా నీకు?"

దాచాల్సిన సంగతని పిల్లకు తోచినట్టు లేదు. "ఎక్కువ చెబితే నీ కనుబొమలు పైకెళ్తాయి. తక్కువైతే పెదాలు బిగిస్తావు. సరిపోతే ఊపిరి వదుల్తావు, నాన్నా."

"మరి టైల్స్ పెట్టి చూపించినప్పుడు అర్థం కాలేదా?"

"వరసల దాకా అయింది. కుప్పలు పెట్టాక కాలేదు."

"కాలేదని చెప్పొచ్చుగా."

"చెబితే అరుస్తావుగా."

మేస్త్రి అరవనని మాటిద్దామనుకున్నాడు. కానీ ఆ మాట వారం రోజులు ఆలస్యమైంది.

ఆ సాయంత్రం ఇంకో ప్రయత్నం చేశాడు. కుర్చీ గోడవైపు తిప్పుకుని, కూతురికి వీపు పెట్టి కూర్చున్నాడు. "ఇరవైలో ఐదింట రెండు. తొందరేం లేదు. తప్పయినా పర్వాలేదు."

పెన్సిల్ చప్పుడు కాలేదు. టైల్ వేసేటప్పుడు ఒక్క వెంట్రుక వాసి తేడా ఉన్నా అతని వేలికి తెలిసిపోతుంది. ఆ తెలివి పిల్ల బుర్రలోకి ఎలా ఎక్కించాలో మాత్రం ఈ వయసులో అతనికి నేర్పేవాళ్లెవరూ లేరు.

చాలాసేపటికి పిట్ట అడిగింది, "నాన్నా, ఒక్కసారి ఇటు తిరగవా?"

అతను తిరగలేదు. పిట్ట ఇంకోసారి అడగలేదు.

మర్నాటి నుంచి లెక్కల గంటకు పిట్ట తన సంచీ తీసుకుని కింది తరగతికి వెళ్లసాగింది. అక్కడ బెంచీలు పొట్టివి, మోకాళ్లు బల్లకు తగులుతున్నాయని తల్లితో చెప్పింది. నెల తిరిగేసరికి మేస్త్రి మళ్లీ పనిలోకి వెళ్లాడు. లెక్కలు ఎలా ఉన్నాయని అడిగితే బాగున్నాయంటుంది. నిజమో కాదో ఆ పిల్ల ముఖం చూసి చెప్పడం అతని వల్ల కాలేదు.