ఒక్క గొంతుకు ఒక్క పెట్టె

సోమవారం మధ్యాహ్నం, చెవుల డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉండగా వదిన నోరు జారింది.

ఆమె ఆడపడుచుకు రెండు చెవుల్లోనూ పుండ్లు పడ్డాయి. ఆరు వారాల పాటు ఇయర్‌ఫోన్లు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకు సరిగ్గా అప్పుడే ఒక పని దొరికేలా ఉంది. ఎవరో చదివి రికార్డు చేసిన పాఠాలు విని, ఎక్కడ ఊపిరి బుస్సుమంది, ఎక్కడ నాలుక టక్కుమంది, ఎక్కడ గొంతు బొంగురుపోయింది అని గుర్తుపెట్టి పంపాలి. పరీక్ష కోసం ఒక పాఠం ఇచ్చారు. దాని మీద రిపోర్టు శనివారం పన్నెండు గంటలకల్లా అందాలి. కంప్యూటరులో ఉన్న బుల్లి స్పీకరులోనేమో ఎవరు మాట్లాడినా రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టే ఉంటుంది.

"ఇంకేముంది వదినా, పోయింది," అని పిచ్చుక మొహం వేలాడేసింది.

"పోవడమేంటి? స్పీకర్లు నేను చేస్తాగా!" అంది వదిన.

అనేసిన తర్వాత ఆమె గుండెల్లో రాయి పడింది. కొత్త జత కొనాలంటే నెల అద్దెంత అవుతుంది. సొంతంగా చేసుకుంటే అందులో నాలుగో వంతుకే వస్తుందని ఏదో వీడియోలో చూసింది, అంతే. వదిన పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేస్తుంది. సన్నటి పని ఆమె చేతులకు కొత్త కాదు గానీ, స్పీకరు లోపల ఏముంటుందో ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.

ఆ సాయంత్రమే జాబితా రాసింది. లావు శబ్దాలు పలికే వూఫర్లు రెండు, సన్న శబ్దాలు పలికే ట్వీటర్లు రెండు, ఏ శబ్దం దేనికి వెళ్ళాలో పంచే కెపాసిటర్లు. పెట్టెల కోసం పాత బట్టల బీరువా తలుపు ఇంట్లోనే ఉంది. ఆంప్లిఫయరు మాత్రం కొనే దారి లేదు. మర్నాడు పళ్ళ డాక్టరమ్మను బతిమాలి, రోగులు కూర్చునే గదిలో పాటలు వినిపించే ఆంప్లిఫయరును తెచ్చుకుంది.

"జాగ్రత్తమ్మా! పాటలు లేకపోతే లోపలి డ్రిల్లు మోత విని సగం మంది లేచి పారిపోతారు," అంది డాక్టరమ్మ. "వెనకాల రాసుంది చూడు, ఆరు ఓములకి తక్కువ రెసిస్టెన్సున్న స్పీకరు తగిలిస్తే కాలిపోద్దంట."

ఆ మాట విన్నప్పటి నుంచీ వదినకు కూడు సయించలేదు.

బుధవారం పాత సామాన్ల వీధికి వెళ్ళింది. ఒక సందు చివర, విప్పేసిన టీవీల మధ్య ముక్కాలి పీట వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన దుకాణంలో వూఫర్లు ఉల్లిపాయల్లా గుట్టగా పోసి ఉన్నాయి. వదిన సంచిలోంచి చిన్న బ్యాటరీ సెల్లు, రెండు తీగ ముక్కలు తీసింది. తీగలు తగిలించగానే వూఫరులోని కాగితం గిన్నె టప్పుమని ముందుకు ఎగరాలి. మొదటిది ఎగరలేదు. రెండోది ఎగిరింది గానీ వేలితో నొక్కితే గరగరమంది. ఐదోదీ ఆరోదీ బాగున్నాయి. రెంటి వెనకా ఎనిమిది ఓములని చీటీ అంటించి ఉంది.

"ఇంత పరీక్ష పెళ్ళికొడుక్కి కూడా పెట్టరమ్మా," అన్నాడు పెద్దాయన.

"పెళ్ళికొడుకైతే తర్వాత సర్దుకుపోవచ్చండీ. ఇది తేడా అయితే డాక్టరమ్మ ఆంప్లిఫయరు కాలి నా ఉద్యోగానికే ఎసరు," అంది వదిన.

ఆయన నవ్వి ధర కాస్త తగ్గించాడు. ట్వీటర్లు, కెపాసిటర్లు కూడా అక్కడే దొరికాయి. ఇల్లు చేరేదాకా ఆ సంచిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకునే ఉంది.

గురువారం పక్కింటి ఎలక్ట్రీషియను దగ్గర ఓములు కొలిచే మీటరు అడిగి తెచ్చి కొలిచింది. ఒక వూఫరు ఆరున్నర చూపించింది. ఎనిమిది ఓములది మీటరులో అంతే చూపిస్తుందని అతను ముందే చెప్పాడు. రెండోది మూడున్నర చూపించింది. చీటీని గోరుతో గీకితే దాని కింద ఇంకో చీటీ, నాలుగు ఓములని. గబగబా చెప్పులేసుకుని సందుకు పరుగెత్తింది. పెద్దాయన వూఫరును తిప్పి తిప్పి చూసి నొచ్చుకున్నాడు.

"ఇది నేను అంటించింది కాదమ్మా, నాకు అమ్మినోడి పని. దీని డబ్బులు తీసుకో. ఎనిమిదిది ఇంకోటి కావాలంటే మాత్రం వచ్చే వారం దాకా ఆగాలి."

"శనివారానికి కావాలండీ!"

"లేనిది నేనెక్కడ పుట్టించను తల్లీ?"

వదిన కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. ఆడపడుచుకు ఎలా చెప్పాలో తోచక గుమ్మంలోనే నిలబడిపోయింది. పిచ్చుకే వచ్చి సంచిలోకి తొంగి చూసింది.

"ఒక్కటే ఉందేం?"

వదిన జరిగినదంతా చెప్పింది.

"అయితే ఒక్కటే చెయ్యి వదినా. నేను వినేది ఒక్క మనిషి గొంతు. ఒక మనిషికి రెండు నోళ్ళెందుకు?"

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. "ఈ ముక్క సోమవారమే ఏడిస్తే నా తిరుగుడు సగం తప్పేది కదే!"

శుక్రవారం సెలవు పెట్టి తలుపు చెక్క కోసింది. పళ్ళ అచ్చుల మైనం కరిగించి అతుకుల సందులు పూడ్చింది. పాత దిండులోని దూది లోపల కూరింది. ఆంప్లిఫయరు మీట నొక్కేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. పొగ రాలేదు. ఒక ఆడమనిషి గొంతు, పక్కన కూర్చుని చెబుతున్నట్టు, వానచినుకుల గురించి పాఠం మొదలుపెట్టింది. పిచ్చుక చప్పట్లు కొట్టింది. వదిన మాత్రం పెట్టె వెనక ముక్కు పెట్టి పొగ వాసన ఏమైనా ఉందేమోనని ఇంకోసారి చూసింది.

శనివారం ఉదయం పిచ్చుక తలుపు వేసుకుని పనిలో కూర్చుంది. పదకొండుకు బయటికి వచ్చి, "ఈ పాఠంలో తొమ్మిది చోట్ల జుమ్మని మోత ఉంది వదినా, అన్నీ రాసేశా," అంది సంబరంగా.

వదినకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆ మోత పాఠంలోదా, పెట్టెలోదా? తన చెవులు బాగానే ఉన్నాయి కదా! ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే క్షణంలో తేలిపోతుంది. అలా తేలిపోతుందనే ఆమె భయం. పిచ్చుక రాసిన కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, ఫోనులో ఆ పాఠమే ఇయర్‌ఫోన్లతో వింది. మొదటి చోట మోత లేదు. రెండో చోటా లేదు. తొమ్మిదింటిలో ఒక్కచోట కూడా లేదు.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన ఒకసారి వచ్చి వెళ్ళింది. అప్పటికి పదకొండుంపావు.

"పిచ్చుకా, ఆ మోత నాదే. నేను చేసిన పెట్టెదే," అంది గుమ్మం పట్టుకుని.

పిచ్చుక మొహం పాలిపోయింది. "ముందు విప్పు," అంది. మరలు తీసి వూఫరును పైకెత్తితే సంగతి తెలిసింది. లోపలి తీగ వదులై కాగితం గిన్నె వీపుకు ఆనుతోంది. గొంతు లావైనప్పుడల్లా దాన్ని తట్టి జుమ్మంటోంది. వదిన మైనం ముద్ద ఒకటి వెచ్చబెట్టి తీగను చట్రానికి అదిమి అంటించింది. మరలు బిగించేసరికి పన్నెండుకు ఇంకా పాతిక నిమిషాలుంది. మోత పోయింది. పిచ్చుక ఆ తొమ్మిదీ కొట్టేసి, మోత చాటున దాగిన ఊపిరి చప్పుళ్ళు రెండు కొత్తగా పట్టుకుని, ఐదు నిమిషాలుందనగా రిపోర్టు పంపేసింది. ఇద్దరూ నేల మీదే చతికిలబడ్డారు.

తర్వాతి బుధవారం వదిన ఆసుపత్రిలో పళ్ళ వరస పేరుస్తుండగా ఫోను మోగింది.

"వదినా! వాళ్ళు కావాలనే పద్నాలుగు తప్పులు పెట్టారంట. నేను పదకొండు పట్టుకున్నా!"

"మరి ఆ మూడూ?" అంది వదిన. "అవేం చప్పుళ్ళు?"

"సన్నటి ఈలలాంటివంట."

"అయ్యో, అయితే ట్వీటరుదే తప్పు. దాన్ని సరిగా చూడకుండా కొన్నా. సాయంత్రం రాగానే విప్పి..."

"వదినా! పనిలోకి తీసుకున్నారని చెప్తుంటే!"

వదిన మైనం అంటిన వేళ్ళు చీరకు తుడుచుకుంటూ స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఏంటి, ఏడుస్తున్నావా?" అంది పిచ్చుక అటునుంచి.

"లేదే," అంది వదిన ముక్కు ఎగబీలుస్తూ. "ముందు మీ అన్నయ్యకి చెప్పు. నేను తర్వాత మాట్లాడతా."