మూడో టవరు కింద రోలు

బండి మలుపు తిరిగినప్పుడల్లా నా కాళ్ళ దగ్గరి అరలో రోలు దొర్లేది. ముందు ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు. దుప్పటి చుట్టి చూశాను. బియ్యం సంచి అడ్డం పెట్టి చూశాను. ఎక్కడో ఒక సందు చూసుకుని మళ్ళీ కదిలేది. నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మామా అని పిలుస్తాం, ముందు సీటులోంచి వెనక్కి తిరిగి ఆ చప్పుడేమిటని అడిగేది. గిన్నెలని చెప్పేదాన్ని. బండి నడిపే మహమ్మద్ గౌస్ అద్దంలో నా వంక చూసి నవ్వుకునేవాడు. అతనిది కడప. గిన్నె చప్పుడేదో రాయి చప్పుడేదో అతనికి తెలియకపోదు.

ఆ రోలు నాది కాదు, ఖైరున్‌బీది.

కువైట్‌లో చలి మొదలవగానే చాలా ఇళ్ళవాళ్ళు ఎడారిలో డేరాలు వేసుకుంటారు. దాన్ని ముఖయ్యం అంటారు. నవంబరు నడుమన వేస్తే మార్చి నడుమకు ఎత్తేయాలి. నేను పనిచేసే ఇంటివాళ్ళు నాలుగు చలికాలాలు కబ్ద్‌లో ఒకే చోట వేశారు. పక్క డేరావాళ్ళ పనిమనిషి ఖైరున్‌బీ. ఆమెది రాయచోటి, నాది అక్కడికి దగ్గర పల్లె. అక్కడున్నన్నాళ్ళూ ఒకరినొకరం ఎరగం. ఇక్కడ, బట్టలారేసే తాడు దగ్గర, గాలికి ఎగిరిపోయిన దుప్పటిని ఆమె ఒక తిట్టు తిట్టింది. మా అమ్మ బర్రెను తిట్టే తిట్టు అది. తల తిప్పి చూశాను. ఆ రోజు నుంచి నేను ఆమెకు వదినను, ఆమె నాకు వదిన.

రోలు ఆమె రాయచోటి నుంచి తెచ్చుకున్నది. సంచిలో బట్టలు తగ్గించుకుని, రోలూ గుండూ పెట్టుకుని విమానమెక్కిందట. తీరా వస్తే సబా అల్ సలేంలోని ఆ ఇంట్లో దాన్ని పెట్టే చోటు లేదు. పాలరాతి నేల పగులుతుందని వాళ్ళ మామా గోల. అందుకని అది ఎడారిలోనే ఉండిపోయింది. ఏటా నాలుగు నెలలు ఇద్దరం దాంట్లో ఎర్రకారం దంచుకునేవాళ్ళం. నా దంచుడు ఆమె దూరం నుంచే గుర్తుపట్టేది. రెండు పోట్లు, ఒక నూరుడు. డేరాలు ఎత్తే రోజున రోలును గోనెసంచిలో చుట్టి పూడ్చేవాళ్ళం. ఒంటెల కొట్టం నుంచి మూడో కరెంటు టవరు, దాని తూర్పు కాలి నుంచి పొద్దు పుట్టే వైపు పది అడుగులు. ఎవరి అడుగులు అంటే, రోలు నాది కాబట్టి అడుగులూ నావే అనేది ఖైరున్‌బీ. పొట్టి మనిషి, పొట్టి అడుగులు. మళ్ళీ నవంబరులో ఎవరు ముందు వస్తే వాళ్ళు తవ్వి, కడిగి, కారం దంచి ఉంచాలి. రెండో మనిషి వచ్చేసరికి తయారుగా ఉండాలి. అంతే మా ఒప్పందం.

పోయిన ఆగస్టు నుంచి ఆమె ఫోను పలకడం మానేసింది. ఎన్నిసార్లు చేసినా అదే అరబ్బీ గొంతు, అదే మాట. ఆమె ఇల్లు ఏ వీధిలోనో నాకు తెలియదు. సరే, నవంబరు వస్తే కబ్ద్‌లో కనపడుతుంది కదా అనుకున్నాను.

నవంబరు వచ్చింది. మా ఇంటి యజమాని బాబా డేరాలు అమ్మేసి క్యారవాన్ కొన్నాడు.

ఇల్లంత బండి. పొయ్యి ఉంది, ఫ్రిజ్ ఉంది, స్నానాల గది ఉంది. వారానికో చోటు. ఒక వారం సుబియా, ఇంకో వారం సాల్మీ రోడ్డు. పిల్లలకు సంబరం, మామాకు సంబరం. నాకు మాత్రం కాలు కింద పెడితే దిక్కు తెలిసేది కాదు. నిన్న తలుపు తీస్తే ఎదురుగా ఇసుక దిబ్బ, ఇవాళ తీస్తే రోడ్డు. ఆగిన చోటల్లా చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమంగా నిలపాలి. లేకపోతే పొయ్యి మీద నూనె ఒక పక్కకు చేరేది. నీళ్ళ ట్యాంకు ముల్లు చూసుకుంటూ గిన్నెలు కడగాలి. ఎంత ఊడ్చినా ఇసుకే. నాకు వేరే పడక లేదు. తిండి బల్లను కిందికి దించి పరుపు వేస్తే అదే నా మంచం. అందరి కబుర్లూ అయితే గానీ అది మంచం అయ్యేది కాదు. తెల్లారగానే మళ్ళీ బల్ల.

జనవరిలో ఒకసారి ఇంటివాళ్ళు కారులో ముందు వెళ్ళిపోయారు. నేనూ గౌసూ నీళ్ళు నింపుకుని వెనక వస్తున్నాం. కబ్ద్ రోడ్డు కనపడగానే పది నిమిషాలు ఆపమని బతిమాలాను. ఆపాడు. మా పాత చోటు ఖాళీగా ఉంది. పక్క చోటూ ఖాళీయే. అట్లకాడతో తవ్వాను. గోనెసంచి తగిలింది. రోలు అక్కడే ఉంది, మేము చుట్టినట్టే ఉంది. ఎవరూ తీయలేదంటే ఆమె రాలేదు. జనవరికి కూడా రాలేదంటే ఇక ఊరికి వెళ్ళిపోయినట్టే. వాళ్ళ అత్త రోలు అది, ఇసుకలో వదలడానికి మనసొప్పలేదు. ఎత్తుకుని వచ్చి బండిలో పెట్టాను.

రోడ్డెక్కాక గౌస్ అడిగాడు.

"తెచ్చుకుంటివి సరే అక్కా. రేపు ఆమె వచ్చి తవ్వుకుంటే ఆడ ఏముంటాది?"

"ఆమె ఊరికి పోయినట్టుండాది."

"ఎవురు జెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు తెలిసింది చేసిన తప్పు. ఆమెకు నా జాడ తెలిపేది ఆ రోలు ఒక్కటే. దాన్ని నా చేతులతోనే తీసేశాను. బండి తిప్పమన్నాను. ఇంటివాళ్ళు ఆకలితో ఎదురు చూస్తుంటారని, బండీ తనది కాదు, దారీ తనది కాదని అన్నాడు గౌస్. నిజమే.

ఆ తర్వాత నాకు కుదురు లేదు. నిలబడే తినేదాన్ని. ఒకే కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను. ఆగిన ప్రతి చోటా నల్ల బురఖా కనపడితే నడక చూసేదాన్ని, అడుగులు పొట్టివా కాదా అని. కదిలితే అరలో రోలు దొర్లేది. ఆగితే నాలో ఏదో దొర్లేది. ఫిబ్రవరి సగమైంది. ఇంక నెల రోజుల్లో ముఖయ్యం ఖలాస్. ఆ తర్వాత ఆమె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎనిమిది నెలలు ఎవరి ఇంటి గోడల్లో వాళ్ళం.

ఒక రోజు టీ పోస్తూ మామాకు చెప్పేశాను. అది గిన్నెల చప్పుడు కాదు, రాయి. నా స్నేహితురాలిది. తీసిన చోట తిరిగి పెట్టాలి. నాకు వచ్చిన అరబ్బీలో అంతే చెప్పగలిగాను. కోప్పడుతుందనుకున్నాను. రాయి ఎంత బరువుంటుందని అడిగింది. తన నాయనమ్మకు కాఫీ గింజలు దంచే ఇత్తడి రోలు ఉండేదని, డేరా మారినప్పుడల్లా ముందు అదే ఒంటె ఎక్కేదని చెప్పింది. ఆఖరున ఇన్షా అల్లా అంది. ఆ ఇంట్లో ఆ మాటకు రేపని అర్థం ఉంది, ఎప్పటికీ కాదనీ ఉంది. మూడు వారాలు గడిచాయి. నేను మళ్ళీ అడగలేదు. రోలు దొర్లినప్పుడు మాత్రం గిన్నెలని చెప్పడం మానేశాను.

మార్చిలో ఒక శుక్రవారం. క్యారవాన్‌ను అల్ రాయ్‌లో షెడ్డుకు ఇచ్చేసి ఇంటికి పోవాలి. ఇంక చలికాలం అయిపోయినట్టే. దారిలో మామా గౌసుతో కబ్ద్ వైపు తిప్పమంది. నా వైపు చూసి, అసర్ నమాజ్ అయ్యేదాకా, అంతే, అంది. అసర్ అంటే పొద్దు వాలేటప్పటి నమాజ్.

మూడో టవరు దగ్గర బండి దిగాను. చుట్టూ డేరాలు ఎత్తేశారు. మేకుల గుంతలు, బూడిద మచ్చలు, అంతే. రోడ్డుకు అవతల ఎవరిదో తోట గోడ, దాని పైన చెట్ల తలలు. తూర్పు కాలి నుంచి నడిచాను.

అక్కడ గుంత తవ్వి ఉంది. నేను తవ్వింది జనవరిలోనే పూడ్చేశాను. ఇది వేరే. దాని పక్కన జానెడు దూరంలో ఇంకొకటి. అంచులు ఇంకా గాలికి కరగలేదు. రెండు మూడు రోజుల కిందట ఎవరో చేతులతో తోడారు.

ఆమె ఇక్కడే ఉంది. ఎక్కడో తెలియదు. అసర్ అయ్యేదాకా నాకు సమయం ఉంది.

రోలు తెచ్చి గుంత పక్కన పెట్టాను. ఉత్త రోలు దంచకూడదంటారు మా వైపు. బండిలోంచి ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు తెచ్చాను. చిన్న పొయ్యి కింద పెట్టి మిరపకాయలు వేయించాను. ఘాటు లేచింది. బండిలో పిల్లలు తుమ్మారు. గౌస్ కిటికీలు మూశాడు. నేను కూర్చుని దంచడం మొదలుపెట్టాను. రెండు పోట్లు, ఒక నూరుడు. గాలి రోడ్డు వైపే వీస్తోంది. కారం మెత్తబడింది. ఇంకో గుప్పెడు కాయలు వేశాను. అదీ మెత్తబడింది. ఇంకో గుప్పెడు. నమాజ్ అయింది. బాబా చాప మడిచాడు. గౌస్ వచ్చి నెమ్మదిగా, ఎవురూ లేరక్కా, లెయ్యి, అన్నాడు. లేవలేదు. అతను వెళ్ళి ఇంజను వేశాడు. ఇంజను చప్పుడులో నా చప్పుడు మునిగిపోతుందేమోనని ఇంకా గట్టిగా దంచాను.

తోట గోడకున్న ఇనుప తలుపు తెరుచుకుంది. ఒక మనిషి బయటికి వచ్చి అటూ ఇటూ చూసి, చెప్పులు చేతపట్టుకుని రోడ్డు దాటింది. పొట్టి అడుగులు.

వచ్చి నా ఎదురుగా నిలబడింది. వగరుస్తోంది.

"దొంగముండా. నా రోలు ఎత్తుకపోయి నా గుంత కాడే దంచుతాండావా?"

"కూర్చో ముందు."

"రెండు గుంతలు తవ్వినా. మొదటి తూరి అడుగులు తప్పుపడినాయేమో అనుకుంటి. రెండోది తవ్వినాక, వదిన సచ్చిపోయినాదేమో అనుకుంటి."

"సచ్చినదాన్ని రోలెట్ల ఎత్తుకపోతా?"

"అది ఇంటికి పోయినాక తోచె," అని కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత ఏడు తుమ్ములు తుమ్మింది.

ఆగస్టులో ఫోను బకెట్ నీళ్ళలో పడిందట. నంబర్లన్నీ దాంతోనే పోయాయట. ఈసారి వాళ్ళ ఇంటివాళ్ళు డేరా వేయలేదు, వారానికి రెండు మూడుసార్లు ఈ తోటకు వస్తున్నారు. గేటు దాటనివ్వరు. మొన్న చెత్త పారేసే సాకుతో వచ్చి తవ్విందట. ఇవాళ ఎక్కడో ఏదో మాడుతోంది, చూసి వస్తానని చెప్పి వచ్చింది. చెబుతూనే రోట్లో వేలు పెట్టి నాకింది. ఉప్పు తక్కువంది.

టీ ప్యాకెట్టు అట్ట చించి నా నంబరు రాసిచ్చాను. రవికెలో దోపుకుంది. రోలు తోటలో పెట్టుకోమన్నాను. తల అడ్డంగా ఊపింది.

"పూడ్చు. ఉన్న కాడే ఉండాల."

"నంబరు ఉండాది గదా ఇంక."

"ఫోను బకెట్లో పడితే పోతాది. రాయి పడితే బకెట్టే పగులుతాది."

మామా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది, యల్లా, పోదాం పద, అని తొందరపెట్టలేదు. ఖైరున్‌బీ టవరు కాలి దగ్గరికి పోయి తన అడుగులు తనే కొలుచుకుంటూ వచ్చింది. కారం ఇద్దరం రెండు కవర్లలోకి తీసుకున్నాం. రోలు తుడిచి, గోనెసంచిలో చుట్టి దించాం. ఇసుక తోస్తుంటే నాకు మళ్ళీ గుబులైంది.

"మాది చక్రాల ఇల్లు వదినా. వచ్చే ఏడు యాడుంటామో."

"చక్రాలు బండికుండాయి. గుంతకు లేవు గదా," అంది. లేచి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, రోడ్డు దాటి పోయింది. ఇనుప తలుపు మూసుకుంది.

బండి కదిలింది. నేను వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. అర చప్పుడు లేకుండా ఉంది. రెండుసార్లు తెరిచి చూశాను, బియ్యం సంచీ దుప్పటీ తప్ప ఏమీ లేవు. అరచేతులు మండుతున్నాయి. మూడో టవరు, రెండోది, మొదటిది. ఒంటెల కొట్టం. కుడిపక్క నీళ్ళ ట్యాంకర్లు నిలిచే చోటు. పెట్రోలు బంకు. అక్కడ ఎడమకు మలుపు. ఒకసారి మనసులో అనుకుని, మళ్ళీ వెనక నుంచి ముందుకు అనుకున్నాను. నడిచి రావాల్సి వచ్చినా తప్పిపోకూడదు.

మలుపులో మామా వెనక్కి తిరిగి, ఈసారి చప్పుడు లేదేమని అడిగింది. నేను దీపపు స్తంభాలు లెక్కపెడుతున్నాను. నోరు తెరిస్తే లెక్క తప్పుతుందని తల మాత్రం ఊపాను.